లాటెక్ పట్టికలో మొత్తాలు వాటంతట అవే పడేలా చేయడం ఎట్టా? పుట్టి లెక్కలతో తంటా

కోవూరు_కాటా:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు పక్కన కోవూరు. ఊళ్లో కొందరు రైతులు కలిసి వడ్లు ఒకేచోట కాటా వేయించి అమ్ముతుంటారు. ఎవరికెంత పడిందో ఒక్కొక్కరికీ పట్టీ కొట్టిచ్చే పని నా నెత్తిన పడింది. ఎమ్మెస్సీ లెక్కలు చదివేటప్పుడు లాటెక్ (కమాండ్లు టైపు చేసి కంపైల్ కొడితే పేజీ తయారుచేసే సాఫ్ట్‌వేర్) అలవాటైంది, అందుకని పట్టీలన్నీ జీలాటెక్‌లోనే (తెలుగు ఫాంట్లు పట్టే లాటెక్), మండలి ఫాంటుతో కొడుతున్నా. అచ్చు చూస్తే ముచ్చటగా ఉంటుంది, అందులో పేచీ లేదు.

పేచీ అంతా అంకెలతోనే. పట్టికలో తేదీ, రకం, బస్తాలు, నికర తూకం కిలోల్లో, పుట్టి ధర, చివర రూపాయలు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, మా వైపు పుట్టి అంటే 850 కిలోలు. కాబట్టి కిలోలను 850తో భాగించి ధరతో గుణిస్తే ఆ వరస డబ్బు వస్తుంది, కింద మొత్తం, అందులో హమాలీ పోను నికరం. ఇదంతా ఇప్పుడు కాలిక్యులేటర్‌లో చేసి టైపు చేస్తున్నా. తరుగు దగ్గర బేరం తెగక ఒక్క తూకం మారిందంటే ఆ వరస మారుతుంది, మొత్తం మారుతుంది, నికరం మారుతుంది, చివరి పేజీలో అందరి పద్దు కూడా మారుతుంది. కోతల సీజన్‌లో రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "ఆ రెండో కాటా ఇంకో 15 కిలోలు తగ్గించు" అంటారు. అక్కడ మొదలవుతుంది నా టెన్షన్.

లాటెక్‌లో లెక్కలు కట్టే పీజీఎఫ్‌మ్యాథ్‌తో గుణించి చూశా. చిన్న అంకెలతో చక్కగా వస్తుంది, అసలు ధర పెట్టగానే "డైమెన్షన్ టూ లార్జ్" అని ఆగిపోతుంది. పట్టికకూ డైమెన్షన్‌కూ ఏం సంబంధమో అర్థం కాలేదు. నాకు కావాల్సింది తూకం, ధర మాత్రం నేను కొడితే మిగతాది అదే వేసుకోవాలి, అంకెలు మన పద్ధతిలో లక్షల కామాలతో రావాలి, అంతే. ఎక్సెల్‌లో చేసి అతికించమని మాత్రం దయచేసి చెప్పొద్దు, అది నాకూ తెలుసు.

పొగాకు_పద్దు:

అన్నా, మాది టంగుటూరు. మా ఇంట్లో బేళ్ల లెక్కలన్నీ నేనే రాస్తా. వేలంలో ఒక్కో బేలుకు ఒక్కో బరువు, ఒక్కో రేటు. మీ కష్టం బాగా తెలుసు.

స్ప్రెడ్‌ట్యాబ్ అని లాటెక్‌కు తగిలించుకునే ప్యాకేజీ ఉంది, అది పెట్టుకోండి. మామూలు టాబ్యులర్ (లాటెక్ పట్టిక) ఎట్టా రాస్తామో అట్టానే రాస్తాం, కాకపోతే గడిలో అంకె బదులు ఫార్ములా రాయొచ్చు. నిలువు వరసలకు ఎక్సెల్ మాదిరి ఏ, బీ, సీ అక్షరాలు, అడ్డ వరసలకు 1, 2, 3. మీ పట్టికలో తూకం నాలుగో నిలువు వరస, ధర ఐదోది కాబట్టి ఆరో గడిలో డీ2 భాగారం 850 ఇంటూ ఈ2 అని రాస్తే చాలు. కింద మొత్తానికి సమ్ అని రాసి బ్రాకెట్లో ఎఫ్2 కోలన్ ఎఫ్9. కంపైల్ చేసేటప్పుడు పట్టిక మొత్తం ముందు తను చదువుకుని, లెక్కలు కట్టి, ఆ తర్వాత టాబ్యులర్‌కు అప్పజెబుతుంది.

కొన్ని చోట్ల కాలు జారుతుంది, ముందే చెప్తా. తలవరస కూడా ఒకటో నంబరు కిందకే వస్తుంది, గీతలు మాత్రం లెక్కలోకి రావు. మాటలున్న ప్రతి గడి ముందూ @ గుర్తు పెట్టాలి, లేకపోతే దాన్ని కూడా ఫార్ములా అనుకుని లెక్క కట్టబోయి కొట్టుకుంటుంది. మీ విషయంలో అసలు చిక్కు రకం గడి దగ్గర వస్తుంది. మీరు 34449 అనో 5204 అనో వడ్ల రకం రాస్తారు గదా, మనకు అది పేరు, దానికి మాత్రం అంకె. @ పెట్టకపోతే రేపు కామాలు పెట్టించినప్పుడు మీ నెల్లూరు మసూరి 34,449 అయి కూర్చుంటుంది!

ఇంకోటి, మధ్యలో కొత్త వరస చేరిస్తే ఎక్సెల్‌లోలాగా ఫార్ములా తనంతట తను సాగదు. మీరు ఎఫ్9 అని రాశారంటే అది ఎఫ్9యే, పదో వరస పడ్డా దానికి పట్టదు. తప్పు చూపించదు, మొత్తం మాత్రం తక్కువ పడుతుంది. దీనికి మందు, మొత్తం దగ్గర చివరి గడి పేరు రాయకుండా "నా పైగడి" అని చెప్పడమే. చదరపు బ్రాకెట్లో 0, కామా, మైనస్ 1 అని రాస్తే అదే నిలువు వరసలో ఒక వరస పైన అని అర్థం. మొదటిది పక్కకు ఎన్ని గడులో, రెండోది కిందకు ఎన్నో. అప్పుడు ఎఫ్2 నుంచి పైగడి దాకా కూడు అన్నట్టు. మధ్యలో ఎన్ని వరసలు దూర్చినా ఇబ్బంది లేదు.

డీటీపీ_బాబాయ్:

లాటెక్ గీటెక్ నాకు తెలియదు గానీ ఒక మాట. నెల్లూరులో ప్రెస్సు పని చేసి చేసి వెంట్రుకలు తెల్లబడ్డాయి. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఆ తర్వాత ఇన్‌డిజైన్. వీటిలో దేంట్లోనూ పట్టిక తనంతట తను కూడుకోదు. ఇన్‌డిజైన్ ఇంత ఖరీదు పెట్టి కొంటారా, టేబుల్లో ఒక్క సమ్ కూడా ఉండదు. ఎక్సెల్ ఫైలును ప్లేస్ చేసి లింకు ఉంచుకోవచ్చు, ప్రిఫరెన్సుల్లో ఫైల్ హ్యాండ్లింగ్ దగ్గర టిక్ పెట్టాలి. లింకు అప్‌డేట్ కొట్టినప్పుడల్లా మనం పెట్టుకున్న ఫాంటు సోకులన్నీ ఎగిరిపోయి మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ప్రెస్సుల్లో ఎవరూ ఆ జోలికి పోరు, కూడింది తెచ్చివ్వండి బాబూ, అచ్చు మేం వేస్తాం అంటారు.

వర్డ్‌లో మాత్రం ఉంది. టేబుల్ లేఅవుట్‌లో ఫార్ములా నొక్కితే సమ్ ఎబవ్ అని వస్తుంది. పైన అంకెలు మార్చాక అది వెంటనే మారదు, దాన్ని ఎంచుకుని ఎఫ్9 మీట నొక్కాలి. మధ్యలో ఖాళీ గడి ఉంటే దాని పైన ఉన్నవి వదిలేస్తుంది, ఖాళీలో సున్నా కొట్టాలి. ఈ రెండూ తెలియక తప్పుడు మొత్తాలతో అచ్చయిపోయిన కరపత్రాలు ఎన్ని చూశానో. లిబ్రే ఆఫీస్ రైటర్‌లో అయితే గడిలో ఉండి ఎఫ్2 నొక్కితే ఫార్ములా బద్ద తెరుచుకుంటుంది, అది కొంచెం నయం.

ఒంగోలు_మేష్టారు:

కోవూరు తమ్ముడూ, డైమెన్షన్‌కూ పట్టికకూ ఏం సంబంధం అన్నావు గదా, సంబంధం ఉంది, కాస్త వివరంగా చెప్తా, ఇది తెలిస్తే మిగతా తలనొప్పులు సగం తగ్గుతాయి.

లాటెక్‌కు అడుగున ఉండే టెక్‌కు పుట్టుకతో దశాంశ సంఖ్యలు రావు. వచ్చినవి రెండే. పూర్ణాంకాలు, పొడవులు. పొడవును కూడా లోపల పూర్ణాంకంగానే దాచుకుంటుంది, ఒక పాయింటును 65,536 ముక్కలు చేసి ఎన్ని ముక్కలో రాసిపెట్టుకుంటుంది. ఎక్కువలో ఎక్కువ 16,384 పాయింట్లకు కాస్త తక్కువ, అంటే సుమారు 5.75 మీటర్లు. అంతకంటే పొడుగు కాయితం మీద ఎవరు అచ్చేస్తారులే అని. టెక్ రాసిన నూత్ గారు ఫ్లోటింగ్ పాయింట్‌ను (కంప్యూటర్ దశాంశాలను దాచుకునే మామూలు పద్ధతి) కావాలనే దూరం పెట్టారు, ఏ కంప్యూటర్‌లో కంపైల్ చేసినా లైను అదే చోట విరగాలి, పేజీ అదే చోట తెగాలి అని. అచ్చుకు అది బంగారం లాంటి నిర్ణయం, పద్దులకు మాత్రం పనికిరాదు.

పీజీఎఫ్ బొమ్మలు గీయడానికి పుట్టింది కాబట్టి ఆ పొడవులనే అరువు తెచ్చుకుని లెక్కలు చేస్తుంది. నీ పుట్టి ధరే ఇరవై వేల పైన, ఇక గుణకారం దాకా పోవక్కర్లేదు, ధర చదవగానే చేతులెత్తేస్తుంది. ఎఫ్‌పీయూ అని అందులోనే ఒక లైబ్రరీ ఉంది, అది పెడితే ఎర్రర్ పోతుంది. ఎర్రర్ పోయిందని సంబరపడొద్దు! అయిదారు అంకెల తర్వాత దాని మాట నమ్మకూడదు. గ్రాఫు గీయడానికి అయిదారు అంకెలు చాలు, 2,24,991 రూపాయల 17 పైసలు చెప్పడానికి ఎనిమిది కావాలి. ఎర్రర్ వచ్చి ఆగడం కంటే తప్పు అంకె చక్కటి ఫాంటులో అచ్చు కావడం ప్రమాదం.

వాడాల్సింది ఎఫ్‌పీఎవాల్ కమాండ్. లాటెక్ 3 వాళ్ల లెక్కల యంత్రం, 16 అంకెల దాకా ఖచ్చితం, అదీ దశాంశ పద్ధతిలోనే. 2022 జూన్ విడుదల నుంచి లాటెక్‌లోనే కలిసిపోయింది, అంతకు ముందుదైతే ఎక్స్ఎఫ్‌పీ ప్యాకేజీ పిలవాలి. పైసల్లోకి మార్చి ఇంట్ఎవాల్‌తో పూర్ణాంకాలుగా చేద్దామనుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఆలోచన మంచిదే, కానీ టెక్ పూర్ణాంకం 2,14,74,83,647 దగ్గర ఆగిపోతుంది. పైసల్లో అంటే 2 కోట్ల 14 లక్షల చిల్లర రూపాయలు. ఒక రైతు పట్టీకి చాలు, ఊరంతటి పద్దుకు చాలకపోవచ్చు.

కామాల సంగతి. అంకెలను అచ్చుకు తీర్చిదిద్దే ఎస్ఐయూనిట్ఎక్స్ ప్యాకేజీ మూడో వెర్షన్‌లో మన పద్ధతి ఉంది. డిజిట్ గ్రూప్ ఫస్ట్ సైజ్ 3, డిజిట్ గ్రూప్ అదర్ సైజ్ 2, సెపరేటర్‌గా కామా. గ్రూప్ మినిమమ్ డిజిట్స్ కూడా 4 అని ఇవ్వు, మామూలుగా అది 5 ఉంటుంది కాబట్టి 4,275 కిలోలకు కామా పడదు, 10,275కు పడుతుంది, చూడ్డానికి ఎగుడుదిగుడుగా ఉంటుంది. స్ప్రెడ్‌ట్యాబ్‌లో అంకెను అచ్చుకు పంపేది ఎస్‌టీప్రింట్‌నమ్ అనే కమాండ్, దాన్ని మళ్లీ నిర్వచించి లోపల ఎస్ఐయూనిట్ఎక్స్ వాళ్ల నమ్ కమాండ్ పెట్టుకుంటే అన్ని గడులకూ ఒకేసారి పనిచేస్తుంది. నువ్వు టైపు చేసేటప్పుడు మాత్రం కామాలు పెట్టొద్దు, పచ్చి అంకెలే. ౧౨౩ అని తెలుగు అంకెలు కూడా పెట్టొద్దు, వాటిని అది అంకెలుగా చూడదు.

కోవూరు_కాటా:

మేష్టారూ, పొగాకు అన్నా, ఇద్దరికీ దండాలు. స్ప్రెడ్‌ట్యాబ్ పనిచేసింది, కామాలు కూడా పడ్డాయి, మా నాన్న పట్టీ చూసి "ఇది బ్యాంకు కాయితంలా ఉందే" అన్నాడు.

ఒక్కటే మిగిలింది. పుట్టి 21,500 చొప్పున మూడు కాటాలు, 4,275 కిలోలు, 2,980 కిలోలు, 1,640 కిలోలు. వరసల్లో 1,08,132.35, 75,376.47, 41,482.35 అని వచ్చింది. కింద మొత్తం 2,24,991.18. ఆ మూడూ చేత్తో కూడితే 2,24,991.17. పైసే గదా అని నేననుకున్నా, పైసలు తీసేసి రూపాయల్లో చూపిస్తే ఇంకా ఘోరం, వరసలు కూడితే 2,24,990, కింద అచ్చయింది 2,24,991. రైతు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి కూడి చూస్తాడు, రూపాయి తేడా వచ్చిందంటే మొత్తం కాయితాన్నే అనుమానిస్తాడు. ఏది సరైనదని చెప్పాలి?

ఒంగోలు_మేష్టారు:

లెక్కల మేష్టారుగా అడిగితే 18 పైసలే. మొత్తం 8,895 కిలోలు, 850తో భాగించి 21,500తో గుణిస్తే 2,24,991.176 వస్తుంది, దగ్గరి పైసకు సవరిస్తే 18. కానీ పట్టీ పరీక్ష పేపరు కాదు. డబ్బు వరస వరసకూ తేలుతుంది, వరసలో అచ్చయిన అంకే ఆ కాటాకు ఇవ్వాల్సిన సొమ్ము. కాబట్టి ప్రతి వరసనూ అక్కడికక్కడే సవరించి, ఆ సవరించిన అంకెలనే కూడాలి. మొత్తం 17 పైసలే పడాలి. కాయితం మీద కనపడేవి కూడితే కాయితం మీద కనపడే మొత్తమే రావాలి, పద్దుల్లో ఇంతకు మించిన నియమం లేదు. ఈ ముక్క ప్యాకేజీ చెప్పదు, ఎక్సెల్ కూడా చెప్పదు, అందులోనూ గడిని రెండు దశాంశాలకు ఫార్మాట్ చేసి వదిలేస్తే ఇదే తంటా. కనపడేది ఒకటి, లోపల దాచుకున్నది ఇంకోటి.

చేయాల్సింది చిన్నదే. వరస ఫార్ములాను రౌండ్ ఫంక్షన్ లోపల పెట్టి రెండు దశాంశాలు అని రాయి. ఆటోరౌండ్ లాంటి సెట్టింగ్ మీద వదలొద్దు, ఎక్కడ సవరించాలో ఫార్ములాలో నీ చేతో నువ్వు రాయడమే మేలు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సరిగ్గా సగం వచ్చినప్పుడు ఎటు? మనకు బడిలో నేర్పింది సగం వస్తే పైకి అని. ఎఫ్‌పీఎవాల్‌లో రౌండ్ అలా చేయదు, దగ్గర్లోని సరిసంఖ్య వైపు పోతుంది. 2.5 అంటే 2, 3.5 అంటే 4. ఇదెక్కడో అరుదుగా వస్తుందిలే అనుకుంటావేమో. ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకే చెబుతారు, మీరు పుట్టికి మార్చుకోవాలి, అంటే 8.5తో గుణించాలి. 2025-26కి సాధారణ రకం 2,369 రూపాయలు, గ్రేడ్ ఏ రకం 2,389. గుణించు. 20,136.50, 20,306.50. రెండూ సరిగ్గా సగమే! పుట్టి ధరను రూపాయలకు సవరిస్తే ఎక్సెల్ 20,137, 20,307 అంటుంది, ఎఫ్‌పీఎవాల్ 20,136, 20,306 అంటుంది. పుట్టికి రూపాయి తేడా. వంద పుట్లకు వంద రూపాయలు, అదీ రెండుసార్లూ రైతుకే తక్కువ.

మందు కూడా ఉంది. రౌండ్‌కు మూడో ఆర్గ్యుమెంట్‌గా 1 ఇస్తే సగాలన్నీ పైకి పోతాయి. పైకి అంటే పెద్ద సంఖ్య వైపు అని గుర్తుంచుకో, మైనస్ 12.5ను మైనస్ 12 చేస్తుంది. హమాలీని మైనస్ గుర్తుతో రాసి కూడే అలవాటుంటే అక్కడ తేడా కొడుతుంది. హమాలీని మామూలు అంకెగానే సవరించి, ఆ తర్వాత తీసివెయ్యి. ఇంకా మంచి పని, ధరను అసలు సవరించకుండా 20,306.50 అనే ఉంచి, చివరి సొమ్ము దగ్గర మాత్రమే సవరించడం.

చీమకుర్తి_స్లాబు:

మేష్టారు చెప్పిన సగం సంగతి పైథాన్‌లోనూ అంతే, మామూలు రౌండ్‌కు 2.5 ఇస్తే 2 అంటుంది. ఒక ఎక్స్‌పోర్ట్ లోడుకు కొలతల జాబితా తయారుచేస్తూ మా కుర్రాళ్లు దీని మీద గంటసేపు కొట్లాడుకున్నారు.

మా గ్రానైట్ వాళ్లం పట్టికలు బండెడు కొడతాం. ఒక్కో స్లాబుకు పొడవు, ఎత్తు అంగుళాల్లో రాసుకుని గుణించి 144తో భాగిస్తే చదరపు అడుగులు. 110కి 70 అయితే 53.47. లోడుకు వందల స్లాబులు. వరస వరసకూ చూపించక్కర్లేదు, మొత్తం అడుగులు చాలు అన్నప్పుడు స్ప్రెడ్‌ట్యాబ్‌లోనే సమ్‌ప్రాడ్ అని ఉంది, రెండు నిలువు వరసలు ఇస్తే జతలు జతలుగా గుణించి కూడేస్తుంది. చివర 144తో భాగించుకోవడమే. అయితే వరస కొలత కూడా అచ్చువేసే పట్టికలో దీన్ని వాడొద్దు, పైన కోవూరు అన్నకు వచ్చిన 17, 18 గొడవే మళ్లీ వస్తుంది.

నేను మాత్రం వందల వరసలకు స్ప్రెడ్‌ట్యాబ్ వాడను. మాక్రోలతో లెక్క కట్టేది కాబట్టి పట్టిక పెద్దదయ్యేకొద్దీ కంపైల్ నీరసపడుతుంది. కొలతలన్నీ ఒక సీఎస్‌వీ ఫైల్లో (గడులను కామాలతో విడదీసిన మామూలు ఫైలు), పైథాన్‌లో డెసిమల్ మాడ్యూల్‌తో లెక్క, రౌండింగ్ హాఫ్ అప్ అని మనమే చెప్పాలి, ఎందుకంటే అందులో కూడా మామూలుగా సరిసంఖ్య పద్ధతే ఉంటుంది. వచ్చిన వరసలను ఆ స్క్రిప్టే టెక్ ఫైలుగా రాసి పడేస్తుంది, అసలు ఫైల్లో ఒక్క ఇన్‌పుట్ లైను. లెక్క తప్పితే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది, అచ్చు తేడా వస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. నా మటుకు లెక్కనూ అచ్చునూ ఒకే గిన్నెలో కలపడం అనవసరం అనిపిస్తుంది.

లూవాలాటెక్‌లో (లూవా అనే ప్రోగ్రామింగ్ భాష కలిసిన లాటెక్) లూవాతో చేస్తామనేవాళ్లకు ఒక హెచ్చరిక. లూవా దశాంశాలు బైనరీలో ఉంటాయి, 0.1కి 0.2 కూడితే లోపల సరిగ్గా 0.3 రాదు, చివర్లో ఎక్కడో 4 తేలుతుంది. ఎఫ్‌పీఎవాల్‌లో ఆ గొడవ లేదు. లూవాలో చేస్తే పైసలను పూర్ణాంకాలుగా పెట్టుకుని చేయండి. తెలుగు కూడా ఉంది కాబట్టి ఫాంటుకు రెండరర్ (అక్షరాలు, ఒత్తులు పేర్చేది) హార్ఫ్‌బజ్ అని ఇవ్వడం మరిచిపోవద్దు, లేకపోతే ఒత్తులు ఎక్కడివక్కడ చెల్లాచెదురు.

పొగాకు_పద్దు:

స్లాబు అన్నా, వందల వరసలకు మీరన్నది నిజమే. కోవూరు అన్న పట్టీలో ఉండేది నాలుగైదు కాటాలు. దానికి పైథాన్ ఎందుకు? ఫైలు ఒక్కటే ఉంటే రేపు ఆయన ఊళ్లో లేకపోయినా ఇంకొకరు తెరిచి తూకం మార్చి ప్రింటు తీస్తారు. స్క్రిప్టు ఉందంటే ఆ ల్యాప్‌టాప్ ఉండాలి, దాంట్లో పైథాన్ ఉండాలి, ఏ ఫైలు ముందు నడపాలో తెలియాలి. బేళ్ల లెక్కలు నేను ఊరెళ్లినప్పుడు మా చెల్లి చూస్తుంది, ఆమెకు స్ప్రెడ్‌ట్యాబ్ గడులు అర్థమయ్యాయి.

కందుకూరు_కుర్రోడు:

బెంగళూరు నుంచి రాస్తున్నా, మాది కందుకూరు. 2023లో బయటికొచ్చిన టైప్‌స్ట్ ఎవరూ చూడలేదా? లాటెక్ ప్యాకేజీల గొడవే ఉండదు, భాషలోనే లెక్కలు ఉన్నాయి. సీఎస్‌వీ చదవడానికి ఫంక్షన్ ఉంది, చదివిన అంకెలు అక్షరాలుగా వస్తాయి కాబట్టి మార్చుకోవాలి, ఫ్లోట్‌గా కాకుండా డెసిమల్‌గా మార్చుకుంటే పైసల బాధ లేదు. తర్వాత సమ్ అంటే మొత్తం. టైపు చేస్తుంటేనే పక్కన పేజీ మారిపోతుంది, రాత్రి పదకొండింటికి తూకం మార్చమన్నా తిట్టుకోనక్కర్లేదు. ఎర్రర్లు కూడా మనుషులకు అర్థమయ్యే మాటల్లో వస్తాయి.

ఒంగోలు_మేష్టారు:

చూశాను నాయనా, బాగుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను కూడా అదే చెప్తున్నా ఈమధ్య. లక్షల కామాలకు మాత్రం చిన్న ఫంక్షన్ సొంతంగా రాసుకోవాల్సి వచ్చింది నాకు. ఇతని దగ్గర ఇప్పటికే పట్టీ మూస లాటెక్‌లో తయారై ఉంది, నడిసీజన్‌లో బండి మార్చమని చెప్పలేను.

డీటీపీ_బాబాయ్:

నాకో అనుమానం. ఇంత చేసి ఆ మొత్తం సరైనదో కాదో మీరెవరైనా చేత్తో కూడి చూస్తారా లేదా?

కోవూరు_కాటా:

చూస్తాను బాబాయ్, ప్రతి పట్టీ కాకపోయినా కొన్ని. మేష్టారు చెప్పినట్టు వరస దగ్గరే రౌండ్ పెట్టా, 2,24,991.17 పడింది, పైవి కూడితే అదే వస్తోంది. పుట్టి ధరను సవరించకుండా అర్ధరూపాయితోనే ఉంచేశా. స్లాబు అన్న చెప్పిన సీఎస్‌వీ పద్ధతి మాత్రం ఊరి మొత్తం పద్దుకు వాడుకుంటా అనుకుంటున్నా, అక్కడ వరసలు బాగా ఎక్కువ.

ఇంకో రెండు చిన్న ప్రశ్నలు. హమాలీ లెక్క కట్టడానికి మధ్యలో ఒక నిలువు వరస పెట్టుకున్నా, అది రైతుకు కనపడక్కర్లేదు, దాచొచ్చా? ఒక పట్టీలో వచ్చిన నికరాన్ని చివరి పేజీలోకి తెచ్చుకోవచ్చా, లేక మళ్లీ టైపు చేయాల్సిందేనా?

పొగాకు_పద్దు:

రెండూ అవుతాయి అన్నా. దాచాలనుకున్న నిలువు వరస తలగడిలో ఎస్‌టీహైడ్‌కాల్ అని రాయండి, లెక్కలో ఉంటుంది, అచ్చులో రాదు. అడ్డ వరసకైతే ఎస్‌టీహైడ్‌రో. టాబ్యులర్ పైన ఇచ్చే కాలమ్ గుర్తులు మాత్రం కనపడే వరసలకు సరిపడా ఇవ్వండి.

నికరం కోసం స్ప్రెడ్‌ట్యాబ్ మొదలయ్యే చోట చదరపు బ్రాకెట్లో ఎస్‌టీసేవ్‌సెల్ అని పెట్టి, ఒక కమాండ్ పేరు, గడి పేరు ఇవ్వండి. ఆ గడి విలువ ఆ కమాండ్‌లోకి వస్తుంది. ఒక్కో రైతుకు ఒక్కో పేరు పెట్టుకోండి, పేర్లలో అంకెలు పనికిరావు, అక్షరాలే. చివరి పేజీలో అన్నీ ఎఫ్‌పీఎవాల్‌లో కూడేయండి. పట్టీలన్నీ ఒకే ఫైలు నుంచి కంపైల్ అవ్వాలి, విడివిడి ఫైళ్లుగా ఉంటే ఒకదాని విలువ ఇంకోదానికి తెలియదు. ఇప్పుడు విడిగా ఉంటే ఒక పెద్ద ఫైలు పెట్టి ఇన్‌పుట్‌తో లోపలికి లాక్కోండి.